పదిహేనో రోజు

గడ్డిఅన్నారం
18 నవంబర్ 2011

ప్రియమైన విజయశ్రీకి,

నేను పెన్ను పట్టి చాన ఏండ్లయింది. ఫోన్ చేద్దామని మూడుసార్లు నీ నంబర్ తీసిన. నువ్వు "ఏమ్మా యాదా" అంటవు, నేను "ఏం లేదు, ఊరికే చేసిన" అని పెట్టేస్త. ఇంటికొస్తే నీకు చాయ పెట్టి పంపిస్త. ఎదురుగ ఒక్క మాట గట్టిగ అనడం నాకు చేతగాదు, పదో తరగతిల ఒకే బెంచి మీద కూసున్న నీకు అది తెల్వంది కాదు. అందుకే రాస్తున్న.

మొన్న మంగళవారం మా కింద కిరాయికుండే సుష్మిత మెడికల్ కాలేజీ నుంచి వచ్చింది. ఆ పిల్ల మీ క్లాసులనే చదువుతుంది గద. మెట్ల మీదనే నిలబడి, "ఆంటీ, ఇయ్యాల మేడం మీ ఫోటో చూపించింది. పేరు చెప్పలే గని మాకందరికి మీరేనని తెలిసిపోయింది" అన్నది. పాపం, నేను సంబరపడతననుకున్నది.

ఏం చెప్పిందమ్మా మేడం అని అడిగిన. ఒకామె భక్తి ముదిరి మొగుని బీపీ మాత్రలు బంద్ చేసి కషాయం తాపించింది, ఆయనకు పక్షవాతం వచ్చింది, పేషెంట్లు డాక్టర్‌కు చెప్పకుండ ఇట్ల చేస్తరు, జాగ్రత్తగ అడగాలె అని చెప్పినవట. పిల్లలు నవ్విండ్రట. అభిలాష్ నా వెనకనే ఉన్నడు. నా కొడుకు అంత విన్నడు.

ఆ ఫోటో ఎప్పటిదో నీకు గుర్తుంది గద. ఆగస్టుల నువ్వే నన్ను పిలుచుకపోయినవ్. అన్ని వైద్యాలు కలిపి చెప్పే క్లాసు, పుస్తకాలల్ల లేనిది నువ్వు చెప్పాలె అన్నవ్. నేను కషాయం కాసే గిన్నె పట్టుకొని, అంతమంది తెల్లకోట్ల ముందర నిలబడ్డ. ఒక పిలగాడు "ఆంటీ, ప్రదక్షిణలు చేస్తే హనుమంతుడు బీపీ తగ్గిస్తడా?" అన్నడు. "నూట ఎనిమిది సార్లు నడిపిస్తడు బిడ్డా, నడిస్తే తగ్గదా" అన్న. అందరు చప్పట్లు కొట్టిండ్రు. నువ్వు నా భుజం మీద చెయ్యేసినవ్.

ఆ రోజే మా ఆయనకు బీపీ చూసినవ్. మంచిగుంది అన్నవ్. కషాయం, శ్వాస సాధన కొనసాగించండి, మాత్ర ఆపి చూద్దాం అన్నవ్. నువ్వే అన్నవ్ విజయా. నీ మాట పట్టుకొని తెల్లారి శనివారం నుంచి నలభై ఒక్క రోజుల మండలం మొదలుపెట్టిన. ముప్పై మూడో నాడు ఆయన కుడి పక్క పడిపోయింది. అప్పటికి తెలంగాణ సమ్మె, బస్సులు బంద్. నీ దగ్గరికి ఎట్ల వస్తం?

మాత్రల డబ్బా ఇప్పుడు అభిలాష్ గదిల తాళమేసి ఉంటది. పొద్దున్నొకటి, రాత్రొకటి వాడే తెచ్చి తండ్రి నోట్లె వేస్తడు. ముప్పై ఏండ్లు నా చేత్తో అన్నం తిన్న మనిషికి నేను ఒక మాత్ర ఇయ్యొద్దట. "నీ దేవునికే ఇచ్చుకో" అన్నడు వాడు. 

నువ్వు చెప్పింది సగమే. తక్కిన సగం ఏమైంది?

ఇట్లు
నీ యాదలక్ష్మి


ఎల్బీనగర్
27 నవంబర్ 2011

ప్రియమైన యాదాకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రామచంద్రం గారి చెయ్యి ఏమైనా కదులుతోందా? ఫిజియోథెరపీ మాత్రం మానొద్దు.

సుష్మిత చిన్నపిల్ల, సగం విని సగం చెప్పి ఉంటుంది. నేను నిన్ను ఎగతాళి చెయ్యలేదు. పేషెంటు కషాయం తాగుతున్నానంటే కసురుకోవద్దు, కూర్చోబెట్టి అడగండి అని చెప్పడానికే ఆ ఉదాహరణ ఇచ్చాను. ఫోటో పెట్టడం మాత్రం తప్పే.

మాత్ర పూర్తిగా ఆపమని అన్నట్టు నాకు గుర్తు లేదు. "మాత్రతో పాటు" అని ఉంటాను. నేనేమైనా రాసి ఇచ్చానా? ఏ డాక్టరూ నోటిమాటగా అలా చెప్పరు కదమ్మా.

నా పరిస్థితి కూడా కాస్త అర్థం చేసుకో. సమ్మె రోజుల్లో మా గేటు మీద ఎవరో "వెళ్లిపోండి" అని రాసి పోయారు. ముప్పై ఐదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాం. భయపడి గుంటూరులో అక్క దగ్గర పది రోజులు ఉండి వచ్చాను. వచ్చేసరికి ప్రిన్సిపాల్ జోగారావు గారు ఈ క్లాసే ఎత్తేద్దామంటున్నారు. కషాయాలూ శ్వాసలూ మెడికల్ కాలేజీలో ఎందుకని. ఏదైనా పొరపాటు బయటపడితే ఆయనకదే చాలు. ఆరేళ్లు ఒక్కదాన్నే పోరాడి తెచ్చుకున్న క్లాసు ఇది.

నువ్వు నన్ను అర్థం చేసుకుంటావు. ఎప్పుడూ చేసుకుంటూనే ఉన్నావు.

ప్రేమతో
విజయ


గడ్డిఅన్నారం
4 డిసెంబర్ 2011

విజయకు,

ఆయన రెండు వేళ్ళు కదులుతున్నయి. మాట ముద్దగ వస్తది గని నాకు అర్థమైతది.

మీ గేటు మీద రాసింది విని మనసు పాడైంది. ఎవరు రాసినా తప్పే. ఊరేగింపుల మా ఆయన జెండా పట్టుకున్నడు, నిజమే. కాని నువ్వు ఆంధ్రా, నేను తెలంగాణ అని ఈ ఇంట్ల ఎవ్వరం ఎన్నడు అనలేదు. నువ్వు గుంటూరు పోయినవని కూడా నాకు చెప్పలే. పడిపోయిన నాడు పదకొండు సార్లు ఫోన్ చేసిన.

రాసిచ్చినవా లేదా అని నన్నడుగుతున్నవ్. దానికి నేను జవాబు రాయను. నువ్వే గుర్తు చేసుకో.

నాకు ఒక్కటే కావాలె. ఒకసారి మా ఇంటికి వచ్చి, అభిలాష్ ముందర కూసొని, నేను చెప్పిన అని చెప్పు. కాలేజీల చెప్పకు, జోగారావు గారికి చెప్పకు. నా కొడుక్కు చెప్పు, చాలు.

యాదలక్ష్మి


ఎల్బీనగర్
9 జనవరి 2012

ప్రియమైన యాదాకు,

నెల దాటింది. నువ్వు ఎదురు చూసి ఉంటావు. రెండుసార్లు బయల్దేరాను. ఒకసారి మీ సందు దాకా వచ్చి, పండ్ల మార్కెట్ దగ్గర కారు తిప్పుకుని వెళ్లిపోయాను. అభిలాష్‌కి మూడేళ్లప్పుడు జ్వరమొస్తే రాత్రంతా నేనే కూర్చున్నాను. వాడి మొహం ఎలా చూడను?

నిజం చెబుతున్నాను. నీ మొదటి ఉత్తరం చదివిన రోజే నాకు అంతా గుర్తొచ్చింది. ఆపమన్నాను. గుర్తు లేదని అబద్ధం రాశాను.

మొన్న శనివారం క్లాసులో చెప్పేశాను. ఆ కేసులో డాక్టర్ తప్పు కూడా ఉందని, ఆ డాక్టర్ని నేనేనని. ఎవరూ నవ్వలేదు. తర్వాత నీ మొదటి ఉత్తరం చదివి వినిపించాను. నీ పేరు తీసేశాను. "నోట్లె వేస్తడు" దగ్గర ఇద్దరు పిల్లలు ఏడ్చారు. జోగారావు గారు కూడా వెనక కూర్చుని విన్నారు, క్లాసు ఉండనిమ్మన్నారు.

వచ్చే ఏడాది పిల్లలకిచ్చే పుస్తకంలో ఆ ఉత్తరం వేద్దామనుకుంటున్నాను. పేషెంటు ఇంటి గొంతు అలా ఏ పుస్తకంలోనూ లేదు. నువ్వు సరే అను. మిగతా సగం నీ మాటల్లోనే అందరికీ తెలుస్తుంది.

నన్ను క్షమించు.

విజయ


గడ్డిఅన్నారం
17 జనవరి 2012

విజయకు,

నువ్వు క్లాసుల ఒప్పుకున్నవని సుష్మిత కూడా చెప్పింది. అది చిన్న పని కాదు, నాకు తెలుసు.

కాని నేను అడిగింది ఒక్క మనిషికి చెప్పమని. నువ్వు వంద మందికి చెప్పినవ్, ఆ ఒక్కనికి చెప్పలే. ఆగస్టుల నా గిన్నె చూపించినవ్, నవంబర్ల నా ఫోటో, ఇప్పుడు నా ఉత్తరం. అందరికి చదివినంక అడుగుతున్నవ్, పుస్తకంల వేయనా అని. నా దుఃఖం నీకు పాఠం లెక్క పనికొస్తుంది. నాకు దుఃఖం దుఃఖం లెక్కనే ఉంది.

నువ్వు రావని తెలిసినంక నేనే అభిలాష్‌ను కూసోబెట్టిన. దేవుని గూట్లె కుంకుమ భరిణ కింద ఇన్నాళ్ళు ఉన్న చీటీ తీసి వాని చేతిల పెట్టిన. అవును విజయా, నువ్వు రాసిచ్చినవ్. ఆ నాడు క్లాసుల పంచిన కాగితం వెనక, నీ చేతిరాతతోటే. నువ్వు "రాసి ఇచ్చానా" అన్ననాడే పంపొచ్చు. పంపలే. నీ అంతట నువ్వే చెప్పాలని చూసిన. ఇంకొక కారణం కూడా ఉండె.

అభిలాష్ చదివిండు.  "ఆ డాక్టర్ సంగతి జూస్త" అని లేచిండు. ఆగు, మొత్తం చదువు అన్న. కింది వరుస చదివి మళ్ళ కూసున్నడు.

"పదిహేను రోజుల తర్వాత తప్పక చూపించండి, అని ఉంది గదమ్మా."

"ఉంది బిడ్డా."

"మరి చూపించలేదా?"

నీకు రాసిన మొదటి ఉత్తరంల బస్సులు బంద్, ఎట్ల వస్తం అని రాసిన. అది నేను చెప్పిన సగం. పదిహేనో రోజు సెప్టెంబర్ మూడు, శనివారం. అప్పటికి సమ్మెనే లేదు. ఆనాడు బస్సులు నడుస్తున్నయి. మా ఆయనే నడుపుతున్నడు. హయత్‌నగర్ బండి మీ కాలేజీ గేటు ముందల నుంచి నాలుగుసార్లు పోయింది.

పొద్దున డ్యూటీకి పోయేముందు, "తలకాయ బరువుగుందే, ఇయ్యాల విజయమ్మకు చూపించుకుందామా?" అన్నడు. నేను, "ఇంక ఇరవై ఆరు రోజులే. మండలం నడిమధ్యల తెంపొద్దు. చూపిస్తే ఆమె మళ్ళ మాత్ర వేయమంటది" అన్న. సరే అన్నడు. నా మాట ఎన్నడు కాదన్నడు? ఆయన స్టీరింగ్ పట్టుకున్నడు, నేను కర్మన్‌ఘాట్ హనుమంతుని గుడిల ఆయన ఆరోగ్యం కోసం నూట ఎనిమిది తిరిగిన. అంతమందిని ఎక్కించుకున్న బండి అది. ఆనాడే పడిపోతే ఏమయ్యేది?

నువ్వు పదిహేను రోజులు రాస్తే నేను దాన్ని మొక్కు చేసిన. మొక్కును మధ్యల ఆపితే పాపం అనుకున్న. దేవుడు నన్ను ఎన్నడు ఆపొద్దనలే, నేనే అనుకున్న.

అభిలాష్‌కు ఇదంత చెప్పిన. మంచం మీద నుంచి మా ఆయన ముద్దముద్దగ, "నేనే... పోనన్న... మీ అమ్మను అనకు" అన్నడు. అబద్ధం. ఆ నోటితో ఆ నాలుగు మాటలు అననీకి ఆయనకు ఎంతసేపు పట్టిందో చెప్పలేను. "కాదు బిడ్డా, నాయన అడిగిండు, నేనే వద్దన్న" అన్న.

వాడు బయటికి పోయిండు. రెండు రోజులు నాతోటి పలకలే. మూడోనాడు పొద్దున డబ్బా తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టిండు. ఇప్పుడు మాత్ర నేనే ఇస్తున్న. నేనిచ్చినంక వాడొచ్చి డబ్బా తెరిచి ఒకసారి చూసుకుంటడు. చూసుకోనీ.

నిన్ను క్షమించిననా అంటే, ఇంకా లేదు. ప్రయత్నం చేస్తున్న. నన్ను నేను క్షమించుకునేది కూడ ఇంకా కాలే, రెండూ ఒకసారే అయితయేమో.

చీటీ ఇందులనే పెడుతున్న. అభిలాష్ చేతిల ఉంటే వాడు ఏదో ఒకనాడు దాన్ని పట్టుకొని నీ మీదికి వస్తడు. నీ దగ్గరనే ఉండనీ. పిల్లలకు చెప్పేది నీ తప్పు నీ నోటితో చెప్పు, చాలు. నాది నేను చెప్పాల్సిన చోట చెప్పిన.

మొదటి ఉత్తరం పుస్తకంల వేయొద్దు, దాంట్లె సగమే ఉంది. దీంట్లె మొత్తం ఉంది, దీన్ని అసలే వేయొద్దు. ఈ కాగితాలు దాచుకో విజయా. ఎవ్వరికీ చూపించకు.

ఇట్లు
యాదలక్ష్మి