కిటికీకి కట్టిన పట్టుకాయలు

బాపూ, నువ్వు పోయి ఐదు నెలలు దాటింది.

ఇక్కడ పట్నంలో, ఉప్పుగూడలో నాలుగు రోజులుగా ముసురు. పొద్దున గుమ్మంలోకి వచ్చిన నీళ్లు ఎత్తిపోసి, ఆరని బట్టలు లోపల వేసి, రెండు చీరలకు ఫాల్ కుట్టాను. ఇప్పటికి తీరిక దొరికింది.

నువ్వు ఊరి నుంచి తెచ్చి మా కిటికీకి వేలాడదీసిన దసలి పట్టుకాయల, ఆ అడవి పట్టుపురుగుల గూళ్ల సంగతి చెప్పాలి. "ఇవి విత్తనం కాయలు బిడ్డా, ఉడకబెట్టకు. వానలు పడ్డంక లోపలి పురుగు సీతాకోకచిలుకై బయటికొస్తది" అన్నావు. తొలి వానకు ఒక కాయలోంచి మగ చిలుక వచ్చింది. ఇటుక రంగు. కిటికీ తీసి ఉంది... ఎగిరిపోయింది. ఇంకో కాయ లోపలే ఎండిపోయింది. చివరిది ఒక్కటే మిగిలింది.

అందులోంచి ఆడది వచ్చింది. పసుపుపచ్చ రెక్కలు, విప్పితే నా రెండు అరచేతులంత. ఒక్కో రెక్క మీద అద్దం బిళ్లలాంటి చుక్క. దానిలోంచి అవతలి గోడ కనిపించింది. నువ్వు అన్నేళ్లు పెంచినా ఇంత దగ్గరగా ఎప్పుడు చూశాను? ఏం పెట్టాలో తోచలేదు. నీ మాట గుర్తొచ్చింది: "దానికి నోరే లేదు. తినుడంత పురుగున్నప్పుడే అయిపోయింది."

జత కలవకపోతే పెట్టిన గుడ్లన్నీ వట్టివే. నువ్వు మంచం పట్టాక తమ్ముడు శంకర్ పురుగుల పెంపకం వదిలేశాడు. మన విత్తనం ఇంకెక్కడా లేదు. ఇక్కడితో ఆగిపోతుందా?

నువ్వు అడవిలో చేసినట్టే, రెక్క మొదట్లో దారం వేసి వాకిట్లోని బాదం కొమ్మకు కట్టాను. "ఆడదాన్ని కట్టి ఊకో. మగది ఎంత దూరమున్నా వాసన పట్టి వస్తది" అనేవాడివి. అది పురుగులు మేసే నల్లమద్ది చెట్ల నడుమ చెప్పిన మాట. ఇక్కడన్నీ రేకుల ఇళ్లు, కరెంటు తీగలు... పక్కింటి ఖాదర్ భాయ్ చూసి, "తిత్లీకి రస్సీ కట్టినవేంది చెల్లె? బక్రా అనుకున్నవా?" అని, మేకను కట్టినట్టు కట్టానని నవ్వాడు.

మొదటి పొద్దున ఒక్కటే ఉంది. మరునాడు చూస్తే రెండు! తోకకు తోక ఆనించుకుని, కదలకుండా ఉన్నాయి. ఆ మగది ఏ చెట్టు మీద పుట్టిందో, ఎంత దూరం నుంచి వచ్చిందో? ఖాదర్ భాయ్‌ని పిలిచి చూపించాను. "దూల్హా వచ్చిండు పో, పెళ్లికొడుకు!" అన్నాడు.

మగది ఆ సాయంత్రమే ఎగిరిపోయింది. ఆడదాన్ని విప్పి చాటలో వేస్తే, అందులో గుడ్లు పెట్టి కొన్నాళ్లకు చచ్చిపోయింది.

శంకర్‌కు ఫోన్ చేస్తే వెంటనే వచ్చాడు. చాటను వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. "నొక్కు పడితే వట్టిది, ఉబ్బుగుంటే పానమున్నట్టు" అనేవాడివి కదా... ఎక్కువ గుడ్లు ఉబ్బుగానే ఉన్నాయి. ఊళ్లో మద్దిచెట్లు చిగురేశాయని వాడు చెప్పాడు.

కొన్ని నా దగ్గర ఉంచుకున్నాను. పురుగులు పుడితే బాదం ఆకుల మీద వేస్తాను. తింటాయా? నీకైతే తెలిసేది. కాకులు రాకుండా కాపలా ఉంటాను.

మిగిలిన గుడ్లు పలచటి గుడ్డలో వదులుగా కట్టుకుని, శంకర్ సోమవారం పొద్దున మొదటి లోకల్ రైలుకు ఊరికి బయల్దేరాడు.