గాజుగది గుమ్మం

ఆదివారం, నవంబరు 12

ప్రియమైన కొంగకి,

పిడత రాసే సంగతులు. ఇక్కడ మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నావనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను. చివరిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నుదుటికి తగిలించుకొచ్చిన దెబ్బ మచ్చ పోయిందా, ఇంకా ఉందా? పదకొండేళ్ల తరువాత ఈ ఉత్తరం ఏమిటని ఆశ్చర్యపోతావు. నీ చిరునామా మీ పాత హెడ్మిస్ట్రెస్‌గారు ఇచ్చారు. ఇంకా డ్రాయింగే చెబుతున్నావని, నీ పొడుగుకి నువ్వు బల్ల ఎక్కి బొమ్మలు తగిలిస్తుంటే ఫ్యాను ఎక్కడ తగులుతుందోనని పిల్లలు హడలిపోతుంటారని చెప్పి ఆవిడ నవ్వారు. నేనూ నవ్వాను. ఫోను పెట్టేశాక మాత్రం చాలాసేపు ఏ పనీ చెయ్యలేకపోయాను.

నిన్న మీ అన్నయ్యగారూ నేనూ నది అవతల ఉన్న జమీందారు మేడ మ్యూజియం చూసి వచ్చాం. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో మేమిద్దరమే కలిసి ఒక చోటు చూడ్డానికని బయలుదేరడం ఇదే మొదలు. సర్వే ఆఫీసులో ఉన్నన్నాళ్లూ ఆయనకి క్యాంపులతోనే సరిపోయింది. రిటైరయ్యాక కుర్చీలోంచి లేవడమే మానేశారు. ఆ మేడ వద్దు, ఇంకెక్కడికైనా వెళ్దామని రెండుసార్లు అన్నారు. నేనే పట్టుబట్టి బయలుదేరదీశాను. మీరెప్పుడైనా చూశారా అని బస్సులో అడిగితే, తనకీ ఇదే మొదటిసారి అన్నారు.

గుమ్మంలోనే మా చెప్పుల మీద గుడ్డసంచులు తొడిగించారు. ఆ నున్నటి చెక్కనేల మీద ఇద్దరం బాతుల్లా నడిచాం. భోజనాల గదిలో ముప్ఫైరెండు కుర్చీలు. ఆ వంశంలో ఎవరు ఏ కుర్చీలో కూర్చునేవారో బోర్డు మీద వివరంగా రాశారు గానీ, అంతమందికి వండిందెవరో, ఆ గిన్నెలు తోమిందెవరో ఎక్కడా లేదు. అదే మాట పైకి అంటే, నిన్ను స్వర్గానికి తీసుకెళ్లినా ముందు వంటిల్లు ఎక్కడా అని అడుగుతావు అన్నారు మీ అన్నయ్యగారు. నిజంగానే నాకు అక్కడ వంటిల్లే నచ్చింది. రాగి గిన్నెలు పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసలో, ఒక్కటి కూడా అటూ ఇటూ కాకుండా ఉన్నాయి.

మేడ మీద ఇంటావిడ గది. ఆవిడ గీసిన పువ్వుల బొమ్మలు గోడ నిండా ఉన్నాయి. కొంగ చూసుంటే ఇక్కడినుంచి కదిలేది కాదు కదా అన్నాను. ఆయన కిటికీలోంచి తోటను చూస్తూ నిలబడ్డారు.

తోటలో ఆయనే ముందు నడిచారు. గులాబీ మడులు, నీళ్లు లేని ఫౌంటెను దాటాక పల్లంలో ఒక గాజుగది ఉంది, నీడ మొక్కల కోసం కట్టించారట. రాతిమెట్లు దిగి, తీగల పందిరి పక్కనుంచి మలుపు తిరిగితే గానీ దాని గుమ్మం, గుమ్మం పైన తుప్పు పట్టిన ఇనప కమ్మీ కనపడవు. ఆ మలుపు దగ్గర మీ అన్నయ్యగారు వెనక్కి తిరగకుండానే, తల వంచు, కమ్మీ తగులుతుంది అన్నారు. అని ఊరుకోక, చెయ్యి వెనక్కి చాచి నా తలకి అడ్డం పెట్టారు. నా తలకి కాదులే, జానెడు పైన, గాలికి. అక్కడ కలుపు తీస్తున్న తోటపనామె చూసి, అమ్మగారు ఎగిరి దూకినా తగలదులే బాబూ, మీ తల చూసుకోండి అంది. మా వెనక వస్తున్నవాళ్లంతా నవ్వారు. నాకూ నవ్వాగలేదు. ఆయన మాత్రం చటుక్కున చెయ్యి తీసేసి, లోపలికి రాకుండా బయటే ఉండిపోయారు. సిగ్గుపడ్డారనుకున్నాను.

నీకు చెప్పడానికేం గానీ, నా కళ్లు చెమర్చాయి. ఇరవై ఆరేళ్లలో నాకు ఏమన్నా తగులుతుందేమోనని ఆయన చెయ్యి అడ్డం పెట్టడం నాకు గుర్తులేదు. ఈ వయసులో ఇదేం మురిపెం అనుకుంటావేమో. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. ఎవరికా అని వెతుక్కుంటే నువ్వు తప్ప ఒక్కరు లేరు. అందుకే ఈ ఉత్తరం.

ఇంకో మాట కూడా ఉంది. నువ్వు చివరిసారి వచ్చిన రోజు అన్నం తినకుండా లేచి వెళ్లిపోతుంటే, వచ్చి పోవడానికి ఇదేమన్నా సత్రమా అన్నాను. తర్వాతి నెలలోనే బదిలీ చేయించుకుని వెళ్లిపోయావు. ఆ మాట నీకెంత గుచ్చుకుందోనని ఇన్నేళ్లూ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. తప్పు నాదే. ఆ తేదీ డైరీలో చూసి చివర రాస్తాను. ఇక మీదట ఏటా అదే రోజున నువ్వు మా ఇంట్లో భోజనం చెయ్యాలి.

ఎప్పటికీ నీ
పిడత

తా.క. సోమవారం ఉదయం. తేదీ కోసం పాత డైరీ తీశాను. ఆగస్టు పద్దెనిమిది. ఆ పేజీలో నా రాత ఇలా ఉంది: "కొంగ మధ్యాహ్నం వచ్చింది. నుదురు చిట్లింది. తన వంటింటి అలమర తగిలిందట. గాయంలో తుప్పు. టీటీ ఇంజెక్షన్ చేయించాను. ఈయన నది అవతల క్యాంపు ముగించుకుని సాయంత్రం బస్సుకి వచ్చారు."

మీ అలమర చెక్కది. దాని అరల్లో కాగితాలు పరిచిందాన్ని నేనే.

గుమ్మం కనపడకముందే ఆయన చెయ్యి లేచింది. నా తలకి జానెడు పైన, నీ నుదురు ఉండే ఎత్తున.

ఆయన్ని ఏమీ అడగలేదు. పైన రాసిందేదీ కొట్టెయ్యలేదు కూడా, రాసినప్పుడు అదంతా నిజమే. ఆయన్ని మీ అన్నయ్యగారని రాయడం మాత్రం ఇక నావల్ల కాదు. నువ్వు వెళ్లిపోయింది సత్రమన్న మాటకి కాదని తెలిసింది. భోజనానికి రావద్దు.

ఆ రోజు డాక్టరు దగ్గర్నుంచి తీసుకొచ్చాక నిన్ను మా మంచం మీద కూర్చోబెట్టాను. మందు మండుతుందేమోనని ఊదుతూ పట్టీ వేశాను. నువ్వు ఏడ్చావు. మంటకి అనుకుని, ఇంకాసేపు ఊదాను.