ఖాళీ సంచి పంపడం నామోషీ కాదు

నంద్యాల జిల్లా శిరివెళ్ల మండలంలో కాపురముంటున్న పేరుసోముల శ్యాంసుందర్ భార్య జెస్సీ అను నేను, వయస్సు ఇరవై ఆరు, వృత్తి వ్యవసాయం, తెలివి మీద ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేతిరాతతో రాసుకున్న వీలునామా.

వృత్తి దగ్గర గృహిణి అని రాయమని నా భర్త చెప్పాడు. నేను రాయలేదు. ఆయన కాగితాల్లో డ్రైవరు అని ఉంటుంది. పొద్దు పొడవక ముందే మడిలో ఉండే నాకు ఇంకో పేరు పెడితే ఒప్పుకోను.

వచ్చే సోమవారం కర్నూలులో నాకు గుండె వాల్వు ఆపరేషన్. భయం లేదనే డాక్టరమ్మ చెప్పింది. అయినా నేను లేకపోతే నా వస్తువులు ఏం కావాలో, నా పేరు ఏం కావాలో నేనే చెప్పుకోవాలి. నలుగురిలో నోరు తెరిచి మాట్లాడటం నాకు చేతకాదు. ఐదో తరగతి దాకా చదివాను కాబట్టి రాస్తున్నాను. చట్టం మాటలు నా దగ్గర కూరగాయలు కొనే జ్ఞానప్రకాశం సారు చెప్పారు. మిగతావి నావి.

1. మా నాయన సుందరరాజు దానపత్రం రాసి నాకు రిజిస్టరు చేయించిన అర ఎకరా మాగాణి, బోరు హక్కుతో సహా, నా తదనంతరం నా కూతురు వందనకు సర్వహక్కులతో చెందాలి. హద్దులు ఆ పత్రంలో ఉన్నవే. వందనకు పద్దెనిమిదేళ్లు నిండేవరకు సాగు హక్కు మా అత్త ఏసమ్మది. నా భర్తది కాదు. ఆ భూమిని ఎవరికీ గుత్తకు ఇవ్వరాదు, తాకట్టు పెట్టరాదు.

ఎందుకు కాదో కూడా రాస్తాను. పోయిన నెల ఆయాసమొచ్చి చేరిన ఆస్పత్రి నుంచి నేను ఇంటికి రాకముందే ఆయన మొక్కజొన్న విత్తనం వేసేవాళ్లతో గుత్త మాట్లాడి వచ్చాడు. నన్ను అడగలేదు. నేనే అడిగితే, "నాకు జీతముంది కదా. నీకెందుకు ఈ ఆకుకూరల కత? ఇంట్లో కూచో" అన్నాడు. ఆ జీతాన్ని నేను తక్కువ చేయను. బోరు మోటారు కాలినప్పుడు బాగు చేయించింది జీతమే. వాన పడక నారు ఎండినప్పుడు తిన్నది జీతమే. కానీ వేసవి సెలవుల్లో బడి మూసి జీతం ఆగినప్పుడు ఈ ఇల్లు దేని మీద నడిచింది? ఆ ఆకుకూరల కత మీదే. అది ఆయనకు ఎప్పుడూ గుర్తుండదు.

2. మా అత్త ఏసమ్మకు నా కొడవలి, ఆస్పత్రికని నాకు కొన్న కొత్త చెప్పులు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె నన్ను, "గంప ఎత్తుకొని ఇంటింటికీ అమ్ముకునే కొంపా మాది?" అని అడిగింది. నేనెప్పుడూ గంప ఎత్తలేదు. పురుగుమందు కొట్టకుండా పండించి, కోతకాల పండుగకు చర్చిలో అర్పించిన నా వంకాయల్ని జ్ఞానప్రకాశం సారు వేలంలో పాడుకున్నారు. తిని చూసి, వారం వారం కావాలన్నారు. ఆయన చెప్పగా నంద్యాలలో మిగతా ఇళ్లు వచ్చాయి. ఆ మాట అన్నందుకు అత్త మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ కోపం ఉండగానే రాస్తున్నాను, ఏ సాయంత్రమూ ఆమె నన్ను ఒంటరిగా కోయనివ్వలేదు. గొణుగుతూనే పక్కన కూచునేది. చెప్పులు లేకుండా బురదలో తిరిగి ఆమె మడమలు పగిలాయి. ఇస్తే "నాకెందుకే" అంటుంది. వినొద్దు, తొడిగించండి.

3. నా చెవి కమ్మలు వందనకు. పెళ్లికని దాచొద్దు. చదువుకు అవసరమైతే అమ్మేయండి.

4. నా కాటా నా భర్త శ్యాంసుందర్‌కు. తూకంలో ఆయన చేయి ఎప్పుడూ కొనేవాళ్ల వైపే మొగ్గేది. నేనే కసిరేదాన్ని. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు. ఆమె వృత్తి దగ్గర ఏం రాయాలో ఆమెనే అడగాలి.

5. ఈ వీలునామాను అమలు చేయించే బాధ్యత జ్ఞానప్రకాశం సారుది. ఆయన రిటైరైన టీచరు, నా మొదటి గిరాకీ. ఆయన మాట మా ఇంట్లో అందరూ వింటారు. నా మాటే ఎవరూ వినలేదు.

6. గిరాకీలు ఆస్తి కారు, వాళ్లను వీలునామాలో రాయడం కుదరదని సారు చెప్పారు. వాళ్లను నేను ఎవరికీ రాసివ్వడం లేదు. వాళ్లకు నేను ఇవ్వాల్సింది ఒకటుంది. అది రాస్తున్నాను.

నా భర్త నంద్యాలలో ఒక ప్రైవేటు బడి బస్సు తోలుతాడు. మా ఊరు ఆ బస్సుకు చివరి స్టాపు, రాత్రి మా ఇంటి ముందే ఉంటుంది. శుక్రవారం సాయంత్రం కోసినవి సంచుల్లో నింపి, తడి గోనె కప్పి, బడి వాళ్ల అనుమతితో వెనక సీటు కింద పెట్టేదాన్ని. శనివారం పిల్లల్ని దింపాక ఆయన ఇళ్లకు ఇచ్చేవాడు, బడి సెలవుల్లో ఆర్టీసీ బస్సులో తీసుకుపోయేవాడు. ఒక్కో ఇంటికీ ఒక్కో గుడ్డ సంచి. పంట లేని వారం అందులో కరివేపాకు రెమ్మ ఒక్కటే వేసి, ఖాళీ సంచి పంపేదాన్ని. ఈ వారం ఏమీ లేదు, మిమ్మల్ని మరవలేదు అని చెప్పడం. ఒక్కరూ కోప్పడలేదు. ఒక్కరూ వేరేచోటికి పోలేదు.

పోయిన నెల నేను ఆయాసంతో ఆస్పత్రిలో ఉన్నాను. మడి వాన నీళ్లలో ఉంది. ఖాళీ సంచులు ఇవ్వడం నామోషీ అనుకొని, నా భర్త మార్కెట్లో వంకాయలు, టమాటాలు కొని, నావని చెప్పి ఇచ్చాడు. నన్ను చూడటానికి వచ్చిన రామేశ్వరమ్మ గారు, ఆమె కూడా మా గిరాకీయే, మంచం పక్కన కూచొని మెల్లగా అడిగింది. "ఏం జెస్సీ, మందులు కొట్టడం మొదలుపెట్టినావా? ముందే చెప్పింటే బాగా కడుక్కొని తింటాంటిమి కదా."

నేను కాదనాలంటే నా భర్త చేసింది చెప్పాలి. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆమె అవుననుకొని వెళ్లిపోయింది.

ఆయన్ని అడిగితే, "బస్సు తోలాల్నా, నిన్ను చూసుకోవాల్నా, వంకాయలు కోయాల్నా? అందరూ కొనే అమ్మతాండారు. నేనొక్కణ్ణే దొంగనా?" అన్నాడు. ఆయన పడ్డ అవస్థ నేను చూశాను. బస్సు దిగి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి బస్సుకు తిరిగాడు. కోయలేదని నేను ఒక్క మాట అనలేదు. కోయమని అడగనూ లేదు. ఖాళీ సంచి పంపమన్నాను. ఆయన నామోషీ దాచుకోవడానికి నా పేరు వాడుకున్నాడు. నాకు నామోషీ ఉండదనుకున్నాడు.

కాబట్టి ఎల్లుండి శనివారం నా భర్త ప్రతి ఇంటికీ ఖాళీ సంచి తీసుకుపోవాలి. మడి ఇంకా తేరుకోలేదు. గడప ముందు నిలబడి, ఆ కూరగాయలు జెస్సీవి కావు, నేను కొనుక్కొచ్చి అబద్ధం చెప్పాను అని ఆయన నోటితో చెప్పాలి. ఫోనులో కాదు, మా అత్తతో చెప్పించడం కాదు. చెప్పకపోతే కాటా కూడా ఆయనది కాదు.

పై అంశాలన్నీ నేను పోయాకే అమలవుతాయి. ఈ ఆరో అంశానికి నా చావుతో పని లేదు. నేను బతికొస్తే అసలే రద్దు కాదు. అప్పుడు ఆ గడపల ముందు మొహం చూపించాల్సింది నేను.

తేదీ: 13 నవంబరు 2025, గురువారం

(సంతకం) పే. జెస్సీ

సాక్షులు, నేను సంతకం చేస్తుండగా చూసినవారు:
1. నారాయణ, మా పక్క పొలం రైతు
2. ప్రమీలమ్మ, నారాయణ భార్య, వృత్తి వ్యవసాయం