ఆవలి ఒడ్డు పేర్లు

ఏప్రిల్ 3

బడికి ఆరు ట్యాబ్‌లు వచ్చాయి. ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రం నాదే కనుక నాకిచ్చారు. శాటిలైట్ మ్యాప్ తెరవగానే పిల్లలు ఎవరి ఇంటికప్పు వాళ్ళు వెతుక్కున్నారు. ఎవరైనా పేర్లు చేర్చగల మ్యాప్ అది. మన ఊరి కాలువలకూ, చేలకూ పేర్లు పెట్టడమే ప్రాజెక్టు అని చెప్పాను.

నేను మాత్రం వేలితో మా ఊరి పక్కనే సరిహద్దుగా పారే పంజ్ నది దాటాను. అటు అఫ్ఘానిస్తాన్. మాకు సరిగ్గా ఎదురుగా నా స్నేహితురాలు గుల్‌చమన్ పాఠాలు చెప్పిన ఆడపిల్లల బడి. కప్పు ఉంది. పేరు లేదు.

ఏప్రిల్ 9

నది మీది వంతెన దగ్గర రెండు ఒడ్లవాళ్ళకూ శనివారం సంత జరిగిన రోజుల్లో గుల్‌చమన్, నేను ఒకే గోనెపట్టా మీద కూర్చునేవాళ్ళం. ఇద్దరిదీ వఖీ భాషే. తను ఎండు మల్బరీలు తెచ్చేది. ముందు సంత మూతపడింది, తరవాత ఆ బడి. ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. అవతలి కుక్కల అరుపులు మా వంటింట్లోకి వినిపిస్తాయి.

ఏప్రిల్ 17

జర్మినా అడిగింది: "టీచర్, అవతలి ఒడ్డుకీ పేర్లు పెడదామా? మా నానమ్మకి అన్నీ వచ్చు. వాళ్ళమ్మ పుట్టిల్లు అక్కడే."

హెడ్‌మాస్టరు విన్నారు. "మన ఒడ్డు చాలదా నెక్‌బఖ్త్? సరిహద్దులో ఉన్నాం. నా ఉద్యోగానికి ఎసరు పెట్టకు."

సరే అన్నాను.

ఏప్రిల్ 20

ఆదివారం జర్మినా వాళ్ళింటికి వెళ్ళాను. నానమ్మ ఉప్పు వేసిన పాలటీ ఇచ్చి, డాబా ఎక్కించి, నది అవతలికి చెయ్యి చాపింది. చిన్నప్పుడు వాళ్ళమ్మ రోజూ అలాగే చూపించేదట.

"ఆ రాళ్ళగుట్ట కింద కుంటివాడి చేను. రాసుకున్నావా? నెమ్మదిగా చెప్పనా, చదువుకున్నదానివి, చెయ్యి నొప్పెడుతుందేమో."

ఇరవై మూడు పేర్లు. ఇంటికొచ్చి నా ఫోన్‌లో, నా పేరు మీదే ఎక్కించాను. గుల్‌చమన్ బడి కప్పు మీద 'బడి' అని మాత్రం రాశాను. ఇంకేం రాయాలో తోచలేదు.

మే 6

వాన. నెట్ లేదు.

మే 14

జర్మినా పరుగెత్తుకొచ్చింది. అవతలి పేర్లు ఎవరో మార్చారట. ముందు హెడ్‌మాస్టరే గుర్తొచ్చారు.

చెరపలేదు. మూడు చోట్ల దిద్దారు. కుంటివాడి చేను 'కుంటివాడి అన్న చేను' అయింది. దిద్దినవారి పేరు ఉండాల్సిన చోట అంకెలే ఉన్నాయి.

"మన పేపరు ఎవరో దిద్దారు టీచర్. మూడు మార్కులు పోయాయి," అంది జర్మినా.

సాయంత్రం నానమ్మను అడిగాను. తల ఊపింది. "నిజమే. కుంటివాడికి చేనెక్కడిది? అన్నదే. మా అమ్మ చెప్పేది, నేనే మరిచాను. ఎవరు చెప్పారు నీకు?"

ఎవరో కావచ్చు. ఏ ఊళ్ళోనో తలదాచుకున్న అటువైపు మనిషెవరైనా కావచ్చు. గుల్‌చమనే కానక్కరలేదని నాకు తెలుసు.

మే 15

ఈరోజు అవతలి బడి పక్క కాలువ పేరు కావాలనే తప్పు రాసి, సేవ్ చేశాను.