నూనె లేని నేల

10 జూన్ 1968, ఆమదాలవలస

నరసింగరావు వర్క్‌షాపులో గ్రైండింగ్ మెషీన్ మీద పనికి చేరాను. విశాఖలో పని నేర్చినవాణ్ణని సంతోషపడ్డాడు. లక్ష్ముడి బావమరిదినని తెలియదు. తెలియనివ్వను.

11 జూన్

బావ ఈ మెషీన్ మీదే రైస్ మిల్లుల ఇనుప షాఫ్టులు అరగదీసి నునుపు చేసేవాడు. వేడెక్కకుండా పోసే కూలెంట్ ఆయిల్ అరగదీసే చక్రం మీంచి చిమ్మి నేలంతా పారేది. పోయిన ఏడాది దాని మీద జారి, ఆసరా కోసం తిరుగుతున్న చక్రం మీద చెయ్యి వేశాడు. కుడిచేతి వేళ్లు పోయాయి. తాగి పడ్డాడని నరసింగరావు ఊరంతా చెప్పాడు. బావ కల్లు కూడా ముట్టడు. ఆ మాటతో ఇంకెవరూ పనివ్వలేదు. ఇప్పుడు కళింగపట్నంలో గురమ్మక్కతో కలిసి చేపలు ఎండబెడుతున్నాడు.

ఆ మాటకు బదులు తీర్చుకోవడానికే వచ్చాను.

2 జూలై

నరసింగరావు పిలిచి చెప్పాడు. ఆయిల్ దొరకడం లేదట. వాడకం సగానికి తగ్గించాలట. షాఫ్టు నునుపు మాత్రం తగ్గకూడదట.

నవ్వొచ్చింది. ఊరికే ఆయిల్ తగ్గిస్తే షాఫ్టు మాడుతుంది, కంటికి కనపడని పగుళ్లు వస్తాయి. రైస్ మిల్లుల వాళ్లు తెచ్చి వీడి మొహాన పడేస్తారు. మీరు చెప్పినట్టే ఆయిల్ తగ్గించానంటాను.

3 జూలై

ఒక షాఫ్టు మాడ్చాను. నీలం మచ్చ. పాలిష్ పెడితే పైకి కనపడకుండా పోయింది.

5 జూలై

ఆ షాఫ్టు కోసం మిల్లు నుంచి జోగయ్య వచ్చాడు. రోజంతా దాని పక్కన నిలబడేది అతనే. అది విరిగితే దెబ్బ తగిలేది నరసింగరావుకు కాదు. ఇంకా కాలేదని పంపేశాను. షాఫ్టు తుక్కులో పడేశాను. పగ తీర్చుకోవడం చేతకానివాణ్ణని నన్ను నేనే తిట్టుకున్నాను.

20 జూలై

చక్రంతో పాటు దాని చుట్టూ గాలీ తిరుగుతుంది. ఆ గాలే ఆయిల్‌ను నెట్టేస్తోంది. ఎంత పోసినా నేలపాలే. చక్రానికి ఆనీ ఆనకుండా రేకు అడ్డంపెట్టాను. ఆయిల్ పోసే నాజిల్ మూతి సన్నగా నొక్కి, చక్రం షాఫ్టును తాకే చోటికి తెచ్చాను. చక్రాన్ని తరచూ డైమండ్ ముక్కతో చెక్కి పదును పెడుతూ కోత పలచగా తీశాను.

ఆయిల్ సగం కూడా పట్టలేదు. షాఫ్టులో నా మీసం కనపడింది. నేల పొడిగా ఉంది.

ఆ నేలనే చూస్తూ నిలబడ్డాను. బావ జారింది ఆయిల్ మీదేనని నరసింగరావు నోటితోనే చెప్పించాలి.

20 ఆగస్టు, సాయంత్రం

నరసింగరావు మిల్లుల యజమానులను పిలిచి మెషీన్ చూపించాడు. అంతా తన తెలివేనన్నాడు. నేల పొడిగా ఉండటం వల్ల లాభమేమిటో కూడా చెప్పమని వినయంగా అడిగాను.

"ఇదివరకు ఇక్కడ కాలు నిలిసేది కాదు. లక్ష్ముడని ఒకడు జారిపడి సెయ్యి పోగొట్టుకున్నాడు. ఇప్పుడా బాధ నేదు," అన్నాడు.

"తాగి పడ్డాడని సెప్పారు కదండీ మరి," అన్నాను.

అసలు నువ్వెవడివని నరసింగరావు అడిగాడు.

"ఆయన బావమరిదిని. మా బావ తాగనేదని ఈళ్లందరికీ సెప్పండి. నేకపోతే ఈ రేకూ నాజిలూ ఇప్పుడే పీకేస్తాను."

నేల చూస్తూ చెప్పాడు. తలెత్తించి మళ్లీ చెప్పించాను.

1 సెప్టెంబరు, కళింగపట్నం

నరసింగరావు స్వయంగా బావ ఇంటికి వచ్చాడు. షాఫ్టుల నునుపు ఎడమచేత్తో తడిమి చూసే పని ఇస్తానన్నాడు. ఒప్పుకోవద్దని బావతో చెప్పాను. బావ చేపలు తిరగేస్తూనే ఉన్నాడు.

"నీకు పగ కావాలి. నాకు పని కావాలిరా," అన్నాడు.

9 సెప్టెంబరు

బావ పనిలో చేరాడు. వర్క్‌షాపులో అతను, నరసింగరావు ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగారు. బావ నవ్వాడు కూడా.

నేను తాగలేదు.