తనిఖీ చేసే అయిదోది

ప్రియమైన చెల్లాయికి,
నీ లెక్కలు చూశాను. ముందు నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది. పదేళ్ల క్రితం నేను ఇదే క్వాంటమ్ సర్క్యూట్‌ను కంప్యూటర్‌లో వేలసార్లు నడిపాను. తనిఖీలో తప్పు పట్టుబడినవన్నీ పారేశాక, మిగిలినవాటిలో నూటికి ఒక్కదాంట్లోనే తప్పు దాక్కుంది. నీకు ఆరింట్లో దాక్కుందట! డీపోలరైజింగ్ నాయిస్ అంటే ఏమిటో తెలుసా తల్లీ? ప్రతి గేటు, అంటే లెక్కలో ప్రతి అడుగు, తర్వాత పాచిక వేయడం, తప్పు పడితే మూడు రకాల్లో ఏదో ఒకటి క్యూబిట్‌కు అంటించడం. ఆ మాత్రం చేతకాకపోతే ఇంకేదైనా పని చూసుకో.
నీ మేలు కోరి తిట్టే,
అన్నయ్య

ప్రియమైన అన్నయ్యకు,
పాచిక నేనూ అలాగే వేశాను. మూడుసార్లు మొదట్నుంచీ రాశాను. ఆరే వస్తోంది. ఇరవయ్యో తేదీన కమిటీ కూర్చుంటుంది. ఈ అంకె నిలబడకపోతే నా డాక్టరేట్ మట్టిపాలే. నీ పాత ప్రోగ్రాం ఒక్కసారి పంపవూ? చిన్నప్పుడు నా లెక్కల పుస్తకం దిద్దేవాడివి, నీది మాత్రం చూడనిచ్చేవాడివి కాదు.
ఇంకా ఓపికున్న,
చెల్లి

ప్రియమైన చెల్లాయికి,
పంపుతున్నాను, కళ్లకద్దుకుని చదువు. దీన్ని పట్టుకుని నలభైమంది పేపర్లు రాసుకున్నారు. ఒక్కడూ నోరెత్తలేదు, నువ్వొచ్చావు! కమిటీ పెద్ద నా అభిప్రాయం అడిగితే, ‘అమ్మాయి లెక్క తప్పు’ అని రాసిచ్చాను. చెల్లెలివని అబద్ధమాడలేను కదా. ఏడవకు.
నిక్కచ్చి మనిషి,
అన్నయ్య

ప్రియమైన అన్నయ్యకు,
ఏడవలేదు, చదివాను. నీ సర్క్యూట్‌లో అయిదు క్యూబిట్లు. నాలుగు సమాచారం మోస్తాయి, అయిదోది వాటిని తనిఖీ చేస్తుంది. నువ్వు పాచిక నాలుగింటి మీదే వేశావు. తనిఖీ చేసేదానికి తప్పే రాదన్నట్టు వదిలేశావు. దానికి తప్పొస్తే మిగతావాటికీ అంటిస్తుంది, పైగా అంతా బాగుందని చెబుతుంది. నీ ప్రోగ్రాంలో రెండువందల పన్నెండో వరుస పక్కన నీ మాటలే ఉన్నాయి: ‘ప్రస్తుతానికి దీనికి నాయిస్ వద్దు. తర్వాత చేర్చాలి.’ నేను చేర్చాను. నీ ప్రోగ్రామూ ఆరే అంటోంది. ఎల్లుండే ఇరవై.
చెల్లి

ప్రియమైన చెల్లాయికి,
ఆ వరుస చూశాను. నేను రాసిందే. ‘తర్వాత’ అని రాసుకుని పదేళ్లు మర్చిపోయిన వెధవను నేనే. ఏ మొహం పెట్టుకుని అందరి లెక్కలూ దిద్దానో! సిగ్గుతో చచ్చిపోతున్నాను. కమిటీ పెద్ద ఫోన్ తీయకపోతే ఆఫీసుకే వెళ్లి, తప్పు నాదనీ, నా పేపర్ వెనక్కి తీసుకుంటున్నాననీ రాసిచ్చి వచ్చాను. రేపు నీ అంకే చదవమన్నారు. నీ రాతలో కామాలు మాత్రం దరిద్రంగా ఉన్నాయి, ఆ మాట వెనక్కి తీసుకోను.
దీంతోపాటు నా మిగతా ప్రోగ్రాములు పదకొండూ పంపుతున్నాను. ఎర్ర పెన్ను తీసుకుని దిద్దు. జాలి చూపించకు, నేను నీ మీద చూపించలేదు.
దిద్దించుకోవలసిన,
అన్నయ్య