నాలుగు చక్రాల గాలి

చెల్లెలు ఎస్తేరుకు,

ప్రభువు కృప వల్ల ఇక్కడ అందరం క్షేమం. ఈ మాట అలవాటుకొద్దీ రాయడం లేదు. ఈసారి నిజంగా కృపే. నీ మోకాళ్ల నొప్పి, మరిది గారి దగ్గు ఎలా ఉన్నాయి? ఫోన్లో నేను చెప్పేది నీకు సగమే వినపడుతుంది, మా ఇంట్లోవాళ్లకు మాత్రం మొత్తం వినపడుతుంది. అందుకే ఉత్తరం.

ఉదయగిరి వదిలి కరుణ ఇంటికి వచ్చి నాలుగు నెలలయింది. ఈ చిల్లకూరు సముద్రపు పల్లెలో ఉక్కపోతకు అలవాటు పడ్డాను, రొయ్యలకు పడలేదు. పొద్దున రొయ్యలు, రాత్రి చేపల పులుసు. పప్పుచారు అడిగితే ఒంట్లో బాగాలేదా అంటారు. ఉప్పుగాలికి గరిటెలు కూడా తుప్పు పట్టాయి. మన ఉదయగిరి చెక్క గరిటెలు రెండు ఎవరితోనైనా పంపించు. చర్చిలో నన్ను ఇంకా "కరుణ వాళ్లమ్మ" అనే అంటారు. ముప్పై ఏళ్లు సైన్సు టీచరుగా బతికినదాన్ని, ఇక్కడ పేరే లేకుండా పోయింది. బెంగ పెట్టుకోకు, బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతి. అల్లుడు దావీదు చెరువుల దగ్గరి రొయ్యలను ఐసు పెట్టెల్లో వేసి, పికప్ బండిలో నెల్లూరు చేరుస్తాడు గదా. ఆ బండి మీదే ఇల్లు నడుస్తోంది. చెరువుల దగ్గర దారంతా ఇసుక. బరువుకు చక్రాలు దిగబడకుండా టైర్లలో కొంత గాలి తీసేస్తారు. అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలిపోతుంది. తారురోడ్డు ఎక్కగానే మళ్లీ గాలి పట్టించాలి.

మూడు వారాల కిందట కంటి పరీక్షకని నేనూ ఆ బండెక్కాను. రోడ్డు మీదికి రాగానే దావీదు పంక్చర్ షాపు దగ్గర ఆపబోయాడు.

"అత్తా, ఒక్క పది నిమిషాలు. గాలి పట్టించేసి పోదాం."

"మీ పది నిమిషాలు నాకు తెలుసు నాయనా. మీ పెళ్లికి కూడా పది నిమిషాలని గంట ఆలస్యంగా వచ్చినారు. డాక్టరు వెళ్లిపోతాడు. ఐసు కూడా కరిగిపోతా ఉంది. పోనీండి."

బండిని ముందుకే పోనిచ్చాడు.

హైవే మీద అరగంట పోయామో లేదో, వెనక ఎడమ టైరు పేలింది. శ్రీహరికోటలో పైకి పోవలసిన రాకెట్ మా సీటు కింద పేలిందనుకున్నాను. బండి మెలికలు తిరిగింది. దావీదు బ్రేకు తొక్కలేదు. స్టీరింగ్ బిగించి పట్టుకుని, మెల్లగా పక్కకు తెచ్చి ఆపాడు. వెనక వస్తున్న లారీ మమ్మల్ని రాసుకుపోయినట్టే పోయింది. నా కళ్లజోడు కూడా జారలేదు.

"దిష్టి తగిలిందమ్మా. నాలుగు నిమ్మకాయలు తొక్కించాల్సింది" అంది పక్కింటి సుబ్బమ్మ. మేం మాత్రం తక్కువ తిన్నామా? బండి కొన్న రోజున పాస్టరు గారు నాలుగు చక్రాల మీదా చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. గాలి చూసే పని దేవుడు మనకే వదిలాడని ఎవరికీ తోచలేదు.

టైర్లన్నీ మార్చేదాకా సరుకు ఎత్తేది లేదని కరుణ పట్టుబట్టింది. ఆ వారంలోనే స్టెప్నీ వేసుకుని, ఖాళీ బండిలో ముగ్గురం నెల్లూరులో టైర్ల షాపుకు పోయాం. దావీదు కన్ను పెద్ద పెద్ద గడులున్న టైర్ల మీద పడింది.

"బురదలో పులి మాదిరి పోతాది సార్" అన్నాడు షాపాయన.

"ఆ పులిని హైవే మీద రొయ్యలతో తోలాలి గదయ్యా. బరువు మోసేది ఏదన్నా ఉంటే చూపించు" అన్నాను.

గడులు మధ్యరకంగా, పక్క గోడలు మందంగా ఉన్నవి తెచ్చాడు. ఎంత బరువు మోస్తుందో టైరు మీదే అచ్చేసి ఉంటుంది. అది సరిపోయింది. ఇంకోచోట నాలుగంకెలుంటాయి ఎస్తేరూ, మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. భూతద్దం పెట్టి చూస్తే ఆ టైరుకు నాలుగేళ్లు నిండాయి.

"ఏమయ్యా, ఈ కొత్త టైరును అంగన్‌వాడీలో చేర్చినారా, లేదా?"

షాపాయన నవ్వి, లోపలి నుంచి ఈ ఏడాదివి తెప్పించాడు. అవి బిగిస్తుండగా, మేం బండిలో తెచ్చిన పేలిన టైరులో చెయ్యి పెట్టి గుప్పెడు నల్లటి రబ్బరు పొడి తీశాడు.

"టైరుది తప్పు కాదమ్మా. తక్కువ గాలితో బరువు మోసి, గోడలు నలిగి, కాగి చచ్చింది. గాలి చూడకుండా తోలింది ఎవురు?"

నేను భూతద్దం తుడవడం మొదలుపెట్టాను.

"నేనేలే అన్నా. మర్చిపోయినా" అన్నాడు దావీదు, నా వైపు చూడకుండా.

కరుణ అక్కడే అతన్ని తిట్టడం మొదలుపెట్టింది. ఇల్లు చేరేదాకా ఆపలేదు. పిల్లల చేత తప్పు ఒప్పించడానికి ముప్పై ఏళ్లు బెత్తం పట్టినదాన్ని, కిటికీలోంచి చెరువులు చూస్తూ కూర్చున్నాను.

భోజనాల దగ్గర ఇక ముద్ద దిగలేదు. "కరుణా, అతను ఆపబోయినాడు. నేనే వద్దన్నాను" అని చెప్పేశాను.

కరుణ వడ్డించే గరిటె గిన్నెలో పెట్టేసింది.

"ఏంది అత్తా, ఇప్పుడా చెప్పేది?" అన్నాడు దావీదు అన్నం కలుపుకుంటూ. "దారి పొడుగునా తిట్లన్నీ నేనే తినేస్తిని. ముందే చెప్పుంటే సగం మీకు పెట్టుందును గదా."

ముగ్గురం పొరబోయేదాకా నవ్వాం. ఆ రోజు నుంచి నాకు నిద్ర పడుతోంది.

కొత్త టైర్లతో బండి నిక్షేపంగా తిరుగుతోంది. గాలి కొలిచే మీటరు నా చేతిసంచిలో, బైబిలు పక్కనే ఉంటుంది. ఆనాడు తప్పిపోయిన కంటి పరీక్షకు మొన్న మళ్లీ బయల్దేరాను. పంక్చర్ షాపు దగ్గర దిగి నేను ఒక్కో చక్రానికీ మీటరు పెట్టి చూస్తుంటే, దావీదు తల బయటికి పెట్టి, "డాక్టరు వెళ్లిపోతాడేమో అత్తా?" అన్నాడు.

"పోనీండి. ఆయన రేపు కూడా వస్తాడు" అన్నాను.

మరిది గారికి నా వందనాలు, పిల్లలకు దీవెనలు. గరిటెలు మరిచిపోవద్దు. మా కోసం ప్రార్థన చెయ్యి. చక్రాల గాలి ఒక్కటి మాత్రం అందులో చేర్చకు, అది నేను చూసుకుంటాను.

నీ అక్క,
సువార్తమ్మ